ముందెప్పుడూ పడిపోలేదు

జూన్ 3, సోమవారం

వంశవృక్షం గీయమని ఆస్పత్రిలో పెద్ద కాగితం ఒకటి ఇచ్చారు. మడతలు విప్పితే భోజనం బల్ల సగం నిండింది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళ మీద ఒక అడ్డగీత. అట్టడుగున ఒక్క సున్నా డాక్టరమ్మే గీసింది. దాని మీద అడ్డగీత కూడా ఆవిడే గీసింది, స్కేలు పెట్టి మరీ. చెయ్యి వణకలేదు. ఎందుకు వణుకుతుంది, ఆవిడ కూతురా?

పాప పోయి ఇవాళ్టికి డెబ్బై నాలుగు రోజులు. స్కూల్లో పరుగుపందెంలో సగం దూరం కూడా వెళ్ళలేదు. గుండె అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లకు గుండేమిటని అప్పట్లో కనిపించిన ప్రతి తెల్లకోటు మీదా అరిచాను. ఈ డాక్టరమ్మ వంశపారంపర్య జబ్బులు చూస్తుంది. అరవనిచ్చి, ఆ తర్వాత చెప్పింది. కొందరి గుండెకు ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావడానికి టైం ఎక్కువ పడుతుందట. పరిగెత్తితేనో, ఈదితేనో, ఉలిక్కిపడితేనో లయ తప్పుతుందట. పైకి ఏమీ కనపడదు. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. ఏ వైపు నుంచో తేలితే ఆ వైపు పిల్లలందరినీ పరీక్ష చెయ్యవచ్చు, ఉన్నవాళ్ళకు మందు వేసి బతికించుకోవచ్చు. అందుకే ఈ కాగితం. మూడు తరాలు కావాలట. ఎవరు, ఏ వయసులో, ఎలా పోయారు.

మాకు ఇంక పిల్లలు లేరు. మరి ఎవరి కోసం అని అడగబోయి ఊరుకున్నాను. చెల్లెలికి అయిదేళ్ళ కూతురు ఉంది. ఆడపడుచుకు ఇద్దరు.

పాప అంతకుముందు ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయిందా అని డాక్టరమ్మ అడిగింది. ఆయన తలొంచుకుని బూట్లు చూసుకుంటున్నారు. లేదని నేనే చెప్పాను. డాక్టరమ్మ ‘లక్షణాలు: లేవు’ అని రాసుకుంది.

గుర్తొచ్చినవన్నీ ఎక్కడో ఒకచోట రాసుకోమంది. షాపులో టోకెన్లు రాసే పుస్తకం ఒకటి ఎత్తుకొచ్చాను.

జూన్ 4

పనికి వెళ్ళాను. వద్దన్నా వెళ్తున్నాను. ఇంట్లో కూర్చుంటే గోడలు చూడాలి.

డ్రై క్లీనింగ్ కౌంటర్లో పదకొండేళ్ళ నుంచి నాది ఒకటే ప్రశ్న, ఇది ఏం మరక? మనుషులు మరక దగ్గర చెప్పినన్ని అబద్ధాలు ఇంకెక్కడా చెప్పరు. ఇవాళ ఒకాయన దుప్పటి తెచ్చి టీ అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలుస్తోంది, రక్తం. టీ అనుకుని వేడినీళ్ళలో వేస్తే ఆ మరక చచ్చినా పోదు. “చూడండి, నేను పోలీసును కాను, బట్టలు ఉతికేదాన్ని, నిజం చెప్పండి” అన్నాను. ముక్కులోంచి రక్తం కారిందట, దానికి సిగ్గుపడ్డాడు! చన్నీళ్ళ బుట్టలో వేశాను.

మా ఓనరు నన్ను వెనక గదిలో కూర్చుని బట్టలకు నంబరు టోకెన్లు కుట్టమన్నాడు. జాలి. కౌంటర్లోనే ఉంటానన్నాను.

జూన్ 6, గురువారం

దొరికింది.

మామగారు నలభై ఒకటో ఏట పోయారు. ఈ సంగతి నాకు పెళ్ళయినప్పటి నుంచీ తెలుసు గాని ఇన్నాళ్ళూ బుర్రకెక్కలేదు. ఇవాళ అత్తయ్యను కూర్చోబెట్టి వివరంగా అడిగాను. బస్సు కోసం నిలబడి నిలబడి బెంచీ మీద కూలబడ్డారట, బస్సు వచ్చింది గాని ఆయన లేవలేదట. జబ్బు లేదు, నొప్పి లేదు. అంతకుముందు రోజు నిచ్చెనెక్కి కిటికీలకు రంగు వేశారట. అత్తయ్య చెబుతూ చెబుతూ నవ్వింది కూడా, ఆ రంగు అసలు నాకు నచ్చనే లేదు అని.

మామగారి చదరం మీద స్కేలు పెట్టి అడ్డగీత గీశాను. నాకు సంతోషం వేసింది. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను. ఒళ్ళంతా తేలికైపోయింది.

అత్తయ్య ఇంకా అక్కడే ఉంది. “అయితే మీ ఇంటి నుంచే వచ్చిందన్నమాట అత్తయ్యా” అన్నాను. ఆవిడ చేతిలో అన్నం కంచం ఉంది. దాన్ని తీసుకెళ్ళి సింకులో పెట్టేసింది. తిన్నది రెండు ముద్దలు.

ఆయన లిఫ్టులు బాగుచేసి ఇంటికొచ్చేసరికి ఎనిమిదయింది. కాగితం చూపించాను. చూసి, మా నాన్న సిగరెట్లు తాగేవాడు అన్నారు. అంతే.

జూన్ 9, ఆదివారం

మా వైపు నింపడానికి అమ్మ వచ్చింది. తాతయ్య ఎనభైకి పోయాడు, అమ్మమ్మ డెబ్బై ఏడుకి. వాళ్ళకు ఇద్దరే పిల్లలు, మామయ్య, అమ్మ. ఇద్దరూ రాయిలా ఉన్నారు. చిన్నతనంలో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, “మా ఇంటా వంటా లేదే అట్లాంటివి, మేమంతా గట్టి పిండాలం” అంది. అంటూ లేచి వెళ్ళి స్టవ్ తుడవడం మొదలుపెట్టింది. స్టవ్ శుభ్రంగానే ఉంది.

అమ్మ పుట్టిన తేదీ రాయడానికి సర్టిఫికెట్ అడిగితే మామూలు పాట ఎత్తుకుంది. అందులో నాలుగేళ్ళు ఎక్కువ వేసి చచ్చాడు ఆ గుమాస్తా, వాడి వల్ల స్కూలు ఆయా ఉద్యోగం నాలుగేళ్ళ ముందే ఊడింది, వాడి చేతులు పడిపోను. ఈ పాట పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అసలు వయసే రాసుకున్నాను.

మామయ్యను కూడా అడుగుతానంటే, వాడినేం అడుగుతావు, వాడికేం తెలుసు అని కసిరింది. మామయ్య గొడుగులు, బ్యాగుల జిప్పులు బాగుచేస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. తాగడు, పేకాడడు, ఎవరి జోలికీ పోడు, అయినా మా ఇళ్ళలో ఆయన పనికిమాలినవాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాన్న వైపూ అంతే, మొత్తానికి మా వైపు శుభ్రంగా ఉంది. ఒక్క గీత కూడా అకాలంలో లేదు.

జూన్ 12

అత్తయ్య మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయింది. బ్యాగు ఆయనే మోశారు. నేను గేటు దాకా కూడా వెళ్ళలేదు.

జూన్ 15, శనివారం

ఇద్దరికీ ఈసీజీ తీశారు. ఆయనది బాగుంది. ఆడపడుచుదీ, ఆవిడ పిల్లలదీ తీశారట, బాగున్నాయట. నాదాంట్లో గుండె మళ్ళీ సిద్ధమయ్యే టైం కొంచెం పొడుగుగా ఉందంది డాక్టరమ్మ, ఇంకోసారి తీద్దాం, రక్తం కూడా ఇవ్వండి అంది.

మెషీన్ పాతది. వైర్లకు చుట్టిన ప్లాస్టర్ ఊడిపోతుంటే ఈసీజీ తీసే పిల్ల రెండుసార్లు అంటించింది, నేను చూశాను. అదీకాక రాత్రి నిద్ర లేదు నాకు. వచ్చే వారం వస్తానని చెప్పాను.

మరి మామగారో, అని అడిగాను. నలభై దాటిన మనిషి, సిగరెట్లు, మామూలు గుండెపోటు అయి ఉండొచ్చు అంది. అయి ఉండొచ్చు అంటే కాకపోనూ వచ్చు.

జూన్ 16, ఆదివారం

చెల్లెలి కూతురు పుట్టినరోజు. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. దాన్ని అందరూ బుడ్డి అంటారు. పాప పాత గౌను వేశారు దానికి. చెల్లెలు నన్ను చూసి, “వేరేది వెయ్యనా అక్కా” అని చెవిలో అడిగింది. వద్దన్నాను. పొట్ట దగ్గర రసం మరక పడి ఉండేది ఆ గౌను మీద, నేనే తీశాను, ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మరిది, అదే చెల్లెలి మొగుడు, బెలూన్ ఒకటి సూదితో పేల్చాడు. బుడ్డి పడిపోయింది.

పది సెకన్లు ఉంటుందేమో. పక్కకు ఒరిగి, కళ్ళు పైకి పోయి, పడిపోయింది. నేను కుర్చీ పట్టుకున్నాను. నీళ్ళు చల్లేలోపే లేచి, కేకు కోసేశారా నేను లేకుండా అని ఏడుపు. అందరూ నవ్వారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఆకలికి కళ్ళు తిరిగాయి అంది చెల్లెలు. పిరికిది, మీ చెల్లెలి పోలిక అన్నాడు మరిది. జులై ఒకటి నుంచి ఈతకు వేస్తున్నాడట, భయం పోతుందని.

నేను నవ్వాను. కేకు కూడా తిన్నాను.

జూన్ 17

పిల్లలన్నాక పడుతుంటారు, లేస్తుంటారు.

జూన్ 19

ఆస్పత్రి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. కౌంటర్లో జనం ఉన్నారు. తియ్యలేదు.

జూన్ 20

జనం లేరు. అయినా తియ్యలేదు.

జూన్ 23, ఆదివారం

మామయ్య దగ్గరికి వెళ్ళాను.

ఎందుకు వెళ్ళానంటే, మొన్నటి నుంచీ ఒక్క మాట బుర్రలో తిరుగుతోంది. మామయ్య అమ్మను ఎప్పుడూ పేరుపెట్టి పిలవడు. చిన్నదీ అంటాడు. అరవై దాటిన మనిషిని, మనవరాళ్ళు పుట్టినదాన్ని, చిన్నదీ అంటాడు. ఉన్నదే ఒక్క చెల్లెలు అయితే చిన్నది ఏమిటి? ఎవరికంటే చిన్నది?

రెండు మెట్లు దిగి వెళ్ళే గది ఆయన షాపు. తలుపు తెరిస్తే గొడుగుల కమ్మీలు తలకు తగులుతాయి. నన్ను చూసి లేచి ఉన్న ఒక్క స్టూలూ ఇచ్చాడు. పాప పోయినప్పుడు వచ్చి గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోయిన మనిషి. ఏం అమ్మాయ్, జిప్పు పోయిందా అన్నాడు. జిప్పు పోతేనే గుర్తొస్తాననుకున్నావా మామయ్యా అంటే, ఇన్నేళ్ళలో దేనికీ గుర్తురాలేదుగా అని నవ్వాడు. నేనూ నవ్వాను, అంతలోనే ఏడుపొచ్చింది. కాగితం విప్పి ఒళ్ళో పెట్టాను. చదరాలూ సున్నాలూ చూపించాను. అమ్మ సున్నా మీద వేలు పెట్టి, ఈవిడ ఎవరికంటే చిన్నది అని అడిగాను.

చేతిలో ఉన్న కమ్మీని వంచుతూ కూర్చున్నాడు. వంచి, మళ్ళీ సాపు చేసి, మళ్ళీ వంచాడు.

అమ్మకూ ఆయనకూ మధ్య ఒక పిల్ల ఉండేదట. ఏడేళ్ళప్పుడు పోయింది. మామయ్యకు అప్పుడు పదకొండు, అమ్మకు మూడు. కాలువలో ఈదడానికి మామయ్యా ఆ పిల్లా వెళ్ళారు. తన వెంట తీసుకెళ్ళిందీ మామయ్యే, ఒంటరిగా తిరిగొచ్చిందీ మామయ్యే. చెయ్యి వదిలేశాడు అన్నారు అందరూ. తాతయ్య చచ్చేదాకా తిట్టడానికి తప్ప ఈయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత అమ్మమ్మ కూడా.

“వదల్లేదమ్మాయ్” అన్నాడు. “అసలు చెయ్యి పట్టుకుంటే కదా వదలడానికి. అది నాకంటే బాగా ఈదేది. నాకంటే ముందుంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. కొట్టుకోలేదు, అరవలేదు. బొమ్మలాగా అట్లా తిరగబడింది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, మునిగేవాళ్ళు కొట్టుకోకుండా ఉంటారా, అబద్ధాలకోరు వెధవా అని కొట్టేవాడు నాన్న.”

అంతకుముందు ఎప్పుడైనా పడిపోయేదా అని నేను అడగలేదు. అడగాలనుకున్నాను. ఆయనే చెప్పాడు. స్కూలు గంట కొడితే ఒకసారి పడిందట. కుక్క మొరిగితే ఒకసారి. మూర్ఛ అంటే పెళ్ళి కాదని అమ్మమ్మ ఎవరికీ చెప్పొద్దందట.

కాగితం మీద గీయడానికి చోటు లేదు. మామయ్యకూ అమ్మకూ మధ్య ఇరికించి చిన్న సున్నా గీశాను. ఆయన దగ్గర స్కేలు లేదు, గొడుగు కమ్మీ పెట్టి అడ్డగీత గీశాను.

జూన్ 24, సోమవారం

అమ్మతో పోట్లాడాను. గొంతు పోయింది.

సర్టిఫికెట్లో తప్పు రాసిన గుమాస్తా అసలు లేడు. అది ఆ పిల్ల సర్టిఫికెట్. పిల్ల పోయిందని తాతయ్య ఎక్కడా రాయించలేదు. అమ్మ పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. రెండేళ్ళు పోయాక అమ్మను బడిలో వెయ్యడానికి కాగితం కావాల్సి వస్తే, ఉన్న కాగితం పట్టుకుని, ఉన్న పేరు పెట్టేశారు. అమ్మమ్మ అప్పటికే ఇంట్లో కూడా ఆ పేరుతోనే పిలుస్తోందట. అంటే కాగితాల్లో మా ఇంట్లో ఎవరూ పోలేదు. పోయిన పిల్లే పెరిగింది, పెళ్ళి చేసుకుంది, నన్ను కంది, నాలుగేళ్ళ ముందు రిటైరయింది. మామయ్య ఒక్కడే ఆ పేరు నోటితో అనలేక చిన్నదీ అంటూ బతికాడు.

మరి నీ అసలు పేరేమిటే అమ్మా అని అడిగాను. “ఏమో. మూడేళ్ళ దాకా ఏదో ఒకటి ఉండేదట. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు” అంది.

అప్పుడైనా నేను ఆపి ఉండాల్సింది. ఆపలేదు. పాప పోయిన రోజు నీకు ఆ పిల్ల గుర్తొచ్చిందా లేదా అన్నాను. వచ్చింది అంది. మరి డాక్టర్లు అడుగుతుంటే నీ నోట్లో ఏముంది అన్నాను. ఏమని చెప్పమంటావే, నా కడుపు నుంచే నీ కడుపులోకి వచ్చిందని నీ మొహం మీద చెప్పమంటావా అని ఏడ్చింది. తెలిసీ దాచినదానివి నువ్వూ తల్లివేనా అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. పైన రాసి చూసుకున్నాను. నేనే అన్నాను.

జూన్ 26, బుధవారం

రెండో ఈసీజీ. ఈసారి మెషీన్ కొత్తది. పొడుగే.

రక్తం ఇచ్చాను. రిపోర్టుకు ఆరు వారాలు పడుతుందట. అవసరం ఏముంది? అమ్మది కూడా తీశారు, అమ్మదీ పొడుగే. ఇద్దరం ఒకే బెంచీ మీద చెరొక చివర కూర్చున్నాం. మాకు ఏమీ కాకుండా ఇన్నేళ్ళు ఎలా గడిచింది అంటే, కొందరికి జీవితాంతం ఏమీ కాదు అంది డాక్టరమ్మ. అంటే నేను దాటిపోయాను, పాప దొరికిపోయింది. నాకు మందు రాసింది. నాకెందుకు మందు.

కాలువలో పోయిన పిల్లది కూడా ఇదేనా అని అడిగాను. అరవై ఏళ్ళ కిందటి సంగతి, ఖచ్చితంగా చెప్పలేం, అయి ఉండొచ్చు అంది.

సాయంత్రం మామయ్యకు ఫోన్ చేసి, ఖచ్చితంగా ఇదే అన్నారు మామయ్యా, నీ తప్పు కాదు అని చెప్పాను. రాసిచ్చారా అన్నాడు. ఎవరికి చూపిస్తావు మామయ్యా, అందరూ పోయారుగా అన్నాను. అవును కదా అన్నాడు. షాపు మూసేసి వెళ్తున్నానన్నాడు. అప్పుడు నాలుగున్నర.

జూన్ 27

అత్తయ్యకు క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి నీళ్ళు నములుతుంటే ఆవిడే లోపలికి లాగింది. “నువ్వన్నావని వచ్చెయ్యలేదమ్మా. నువ్వన్నదే నేనూ అనుకున్నాను. నీ మొహం చూడలేక వచ్చేశాను” అంది. కాదు అత్తయ్యా, నా నుంచే అన్నాను. ఆవిడ మొహం తేలికపడుతుందేమో అని చూశాను. పడలేదు. నాకంటే మంచిది.

జూన్ 28, శుక్రవారం

చెల్లెలికి చెప్పాను. అంతా చెప్పాను. అమ్మ సంగతి, కాలువ సంగతి, నా ఈసీజీ. బుడ్డిని వెంటనే ఆస్పత్రికి తీసుకురా, అప్పటిదాకా ఈత వద్దు అన్నాను. అది ఫోన్లోనే ఏడవడం మొదలుపెట్టింది.

గంట తర్వాత మళ్ళీ చేసింది. పక్కన మరిది ఉన్నాడు, గొంతు వినిపిస్తోంది. వాళ్ళ వీధి చివర డాక్టరుకు చూపించారట, బుడ్డి ఈసీజీ కొంచెం అటూ ఇటూగా ఉందట, భయపడాల్సింది లేదన్నాడట. రిపోర్టులు వచ్చాక చూద్దాం, ఇప్పటి నుంచే దాన్ని రోగిని చెయ్యొద్దు, బెలూన్ పేలితే ఎవరైనా ఉలిక్కిపడతారు అని మరిది అంటున్నాడట. మరిదిని తప్పుపట్టను. నేనైనా అదే అనేదాన్ని.

“అక్కా, ఒక్కటి చెప్పు” అంది. “పాప ముందు ఎప్పుడైనా ఇట్లా పడిందా? పడి ఉంటే వేరే మాట, అదే ఇదీ అని మా ఆయన కూడా నమ్ముతాడు. పడకపోతే మాత్రం బుడ్డిది వట్టి భయమే అంటున్నాడు.”

లేదన్నాను.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. ముందెప్పుడూ పడిపోలేదు అన్నాను. అలవాటైపోయింది కదా.

జూన్ 29

షాపులో కోటుకు కుట్టాల్సిన టోకెన్ కర్టెనుకు కుట్టాను. పదకొండేళ్ళలో మొదటిసారి. ఓనరే విప్పి మళ్ళీ కుట్టాడు.

జూన్ 30, ఆదివారం

రేపు ఉదయం ఏడింటికి బుడ్డి ఈత క్లాసు.

రాస్తాను. ఇక్కడ ముందు రాస్తాను.

మొదటిసారి నవంబరులో. స్కూలుకు లేపడానికి అలారం పెట్టాను. అది మోగగానే పాప మంచం మీద లేచి కూర్చుని, కింద పడింది. దుప్పటితో సహా పడింది. అంతకుముందు వారమంతా స్కూలు వద్దని గొడవ చేస్తోంది. మొహం మీద నీళ్ళు కొట్టి, నాటకాలాడకు అన్నాను. లేచి, నాటకం కాదమ్మా అంది. చెయ్యెత్తాను. కొట్టలేదు. ఎత్తాను. వ్యాను టైముకు పంపించాను.

రెండోసారి ఫిబ్రవరిలో. వ్యాను వెళ్ళిపోతోందని పరిగెత్తి పడింది. మోకాలు చీరుకుంది. వ్యానులో ఉండే ఆయా సాయంత్రం నాతో చెప్పింది, కళ్ళు తేలేసిందమ్మా, ఒకసారి చూపించండి అని. నువ్వేం డాక్టరువా అన్నాను ఆవిడని. పదిమంది ముందు అన్నాను. పాపను ఇంటికి తీసుకొచ్చి, మళ్ళీ ఇలాంటి నాటకాలు వేస్తే వీపు చీరేస్తాను అన్నాను. అది తలూపింది. సాక్సు మీద రక్తం మరక ఉంది. చన్నీళ్ళలో నానబెట్టాను. మరక పోయింది.

మార్చిలో పందెం. వద్దు అంది. పరిగెత్తు, ఏం కాదు అన్నాను.

ఇది ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు.

జులై 1, సోమవారం

ఆరున్నరకే ఈతకొలను దగ్గరికి వెళ్ళాను. గేటు తియ్యలేదు. బుడ్డి నీలం టోపీ పెట్టుకుని వచ్చింది, చెవులు బయటికి వచ్చి ఎలుకపిల్లలా ఉంది. పెద్దమ్మా నువ్వూ ఈదుతావా అంది. చెల్లెల్ని పక్కకు లాగి, పడింది, రెండుసార్లు పడింది, నేను అబద్ధం చెప్పాను అన్నాను. చెల్లెలు నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. బుడ్డిని ఎత్తుకుంది, నా వైపు చూడకుండా వీధిలోకి నడిచింది. బుడ్డి దాని భుజం మీద నుంచి నాకు చెయ్యి ఊపుతూనే ఉంది.

పదకొండింటికి అందరం డాక్టరమ్మ గదిలో ఉన్నాం. ఆయన కూడా పని మధ్యలో వచ్చారు, చేతులకు గ్రీజు ఉంది. నేను ఫోన్లో విషయం చెప్పలేదు, రమ్మన్నానంతే. ఆయన ముందు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు. డాక్టరమ్మతోనే చెప్పాను, ఆవిడ పెన్ను వైపు చూస్తూ చెప్పాను. అలారం, వ్యాను, ఆయా, నేనన్న మాటలు. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆవిడ తిట్టలేదు. పెద్ద కాగితం విప్పి, అట్టడుగు సున్నా పక్కన ‘లేవు’ అన్నది కొట్టేసి, ‘రెండుసార్లు’ అని రాసింది. బుడ్డి ఈసీజీ మళ్ళీ తీసింది. పొడుగే, ఈసారి అటూ ఇటూ ఏమీ లేదు. మందు ఇవాళే మొదలుపెట్టమంది. పొద్దున సగం, సాయంత్రం సగం. ఈత లేదు, పందేలు లేవు, అలారాలు లేవు. మందు మానకపోతే పెద్దదవుతుంది, పెళ్ళి చేసుకుంటుంది, మిమ్మల్ని విసిగిస్తుంది అంది చెల్లెలితో. చెల్లెలు పాపం నవ్వబోయి ఏడ్చింది.

నేను ఆయన వైపు తిరిగాను. తిడతారని, లేచి వెళ్ళిపోతారని, అన్నిటికీ సిద్ధపడే తిరిగాను. ఆయన కాగితం చూస్తున్నారు.

“మూడు” అన్నారు.

డాక్టరమ్మ వినపడనట్టు చూసింది.

“మూడుసార్లండీ. జనవరిలో పార్కులో కుక్క మీదికొస్తే నా పక్కనే పడింది. నిమిషంలో లేచింది. ఈవిడకి ఫోన్ చెయ్యబోతే నా చొక్కా పట్టుకుని, అమ్మకి చెప్పొద్దు నాన్నా, మళ్ళీ నాటకాలంటుంది అంది. సరేలే అన్నాను. ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను.”

డాక్టరమ్మ రెండు కొట్టేసి మూడు అని రాసింది. మొదటి రోజు నేను లేదన్నప్పుడు ఆయన బూట్లు చూసుకుంటూ ఎందుకు కూర్చున్నారో ఇవాళ తెలిసింది. ఇన్నాళ్ళూ ఒకే మంచం మీద పడుకుని ఇద్దరం ఒకే అబద్ధం చెబుతున్నాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. ఇంటికొచ్చాక ఆయన సోఫాలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు. అప్పుడు అడిగాను, ఆ రోజు పార్కులో అది బాగా భయపడిందా అని. ఆయన లేసు ముడి విప్పుతూనే ఉన్నారు.

“పడిపోయినందుకు కాదు” అన్నారు.